‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ 4కె డిస్కు: బ్లూ-రే చూసినవాళ్లు మళ్లీ కొనాలా?

ఎంవీపీ మేడగది (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. డేవిడ్ లీన్ 1962లో తీసిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ నా దగ్గర పాత డీవీడీగా ఉంది. ఈ మధ్య ఒక మిత్రుడు 2012లో వచ్చిన బ్లూ-రే చూడమని ఇచ్చాడు. డీవీడీలో కేవలం పసుపు మరకలా కనిపించిన ఇసుక తిన్నెల మీద గాలి గీసిన గీతలు కూడా బ్లూ-రేలో విడివిడిగా కనిపించేసరికి, బ్లూ-రే కన్నా ఎక్కువ వివరం పట్టే 4కె డిస్కులో ఇంకెంత ఉంటుందోనన్న ఆశ పుట్టింది. అయితే దాన్ని విదేశం నుంచి తెప్పించుకోవాలి, ధరకు తోడు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా పడతాయి కనుక, కొనే ముందు తెలిసినవారి మాట వినడం మంచిదనుకుంటున్నాను.

మా ఇంట్లో ఉన్నది 55 అంగుళాల 4కె టీవీ. దానికి పది అడుగుల దూరంలో సోఫా ఉంది. మధురవాడలో మా బావగారింట్లో ప్రొజెక్టరు, 100 అంగుళాల తెర ఉన్నాయి. ఆదివారాలు అందరం అక్కడ చేరి సినిమా చూడటం అలవాటు.

నాకు రెండు అనుమానాలు కూడా ఉన్నాయి. మొదటిది, అరవై ఏళ్లు దాటిన సినిమాలో బొమ్మ ఇంత శుభ్రంగా, గ్రెయిన్ (ఫిల్ము మీద ఇసుక రేణువుల్లా కనిపించే చుక్కలు) జాడే లేనట్టు ఉండటం సహజమేనా, లేక కంప్యూటరుతో బాగా తుడిచేశారా? రెండవది, జనరల్ అలెన్‌బీ పాత్ర చాలాసేపు ఒక గొంతుతో మాట్లాడి, కొన్ని మాటల దగ్గర మాత్రం వేరే మనిషి గొంతుతో మాట్లాడినట్టు నాకు వినిపించింది. పెదవుల కదలిక సరిగానే ఉంది. ఇది డిస్కు లోపమా, నా చెవి లోపమా?

సీతమ్మధార నెగెటివ్

మీ మొదటి అనుమానం నుంచి వస్తాను. ఆ నునుపుకు ముఖ్య కారణం ఫిల్ము పరిమాణం. ఈ సినిమాను సూపర్ పానవిజన్ 70 పద్ధతిలో 65 ఎం.ఎం. నెగెటివ్ మీద తీశారు. థియేటర్ బోర్డుల మీద మనం చూసే 70 ఎం.ఎం. అన్నది ప్రింటు వెడల్పు, అందులో అదనంగా ఉన్న అయిదు మిల్లీమీటర్లు శబ్దాన్ని నమోదు చేసే అయస్కాంత పట్టీల కోసం. ‘షోలే’ను కూడా 70 ఎం.ఎం.లోనే చూశాం కదా అని ఎవరైనా అడగవచ్చు గానీ, దాన్ని 35 ఎం.ఎం. మీద తీసి ప్రింటు వేసేటప్పుడు పెద్దది చేశారు. ‘లారెన్స్’లో కెమెరాలోనే పెద్ద ఫ్రేము ఉంది, 35 ఎం.ఎం. స్కోప్ (వెడల్పు తెర) ఫ్రేముతో పోలిస్తే వైశాల్యంలో దాదాపు మూడు రెట్లు. అంత పెద్ద ఫ్రేమును అంతే తెర మీద చూపినప్పుడు గ్రెయిన్ తక్కువ పెద్దదవుతుంది కనుక కంటికి ఆనదు. ముఖాలకు దగ్గరగా వెళ్లి చూడండి, పీటర్ ఓటూల్ బుగ్గ మీద దుమ్ము, పెదవుల మీద ఎండకు లేచిన పొర స్పష్టంగా కనిపిస్తాయి. కంప్యూటరుతో అతిగా తుడిచిన బొమ్మలో ముందు పోయేవి ఇలాంటివే.

తుడవడం వేరు, మరమ్మతు వేరు. మరమ్మతు మాత్రం చాలా జరిగింది. సోనీ సంస్థలో గ్రోవర్ క్రిస్ప్ ఆధ్వర్యంలో అసలు నెగెటివ్‌ను 8కె స్థాయిలో స్కాన్ చేసి, 4కెలో పని పూర్తి చేసి, 2012లో ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవం క్లాసిక్స్ విభాగంలో ప్రదర్శించారు. అంత సూక్ష్మంగా స్కాన్ చేసేసరికి, అంతకుముందు ఎవరికీ అంత స్పష్టంగా కనిపించని ఒక జబ్బు బయటపడింది. నెగెటివ్ మీది రసాయన పొరలో సన్నని నిలువు పగుళ్లు, వేసవిలో నీరింకిన చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టు, లెక్కలేనన్ని ఉన్నాయి. ఎడారి వేడికి ఫిల్ము పొర ఎండిపోవడమే అందుకు కారణమని పునరుద్ధరణ బృందం చెప్పింది. అంతకుముందు 1989లో రాబర్ట్ హారిస్ చేసిన పునరుద్ధరణ పూర్తిగా రసాయన పద్ధతిలో, అంటే ఫిల్ము నుంచి ఫిల్ముకు కాపీ తీస్తూ జరిగింది. ఆ పద్ధతిలో గీతలను కొంతవరకు దాచగలరు గానీ, పొర చీలిపోయిన చోట పోయిన రంగును తిరిగి తేలేరు. డిజిటల్ పద్ధతిలో పగులుకు అటూ ఇటూ ఉన్న రంగు నుంచీ, ముందు వెనుక ఫ్రేముల నుంచీ ఆ ఖాళీని పూడ్చవచ్చు. మీరు చూసిన బ్లూ-రే ఆ పని నుంచి వచ్చిందే.

ఇక కొనాలా వద్దా అన్న మాట. దీనికి చిన్న లెక్క ఉంది. బ్లూ-రేలో అడ్డంగా 1920 చుక్కలు, 4కెలో 3840. ఈ సినిమా బొమ్మ నిష్పత్తి 2.20:1 కనుక పైనా కిందా నల్ల పట్టీలు పోగా నిలువున మిగిలేవి బ్లూ-రేలో దాదాపు 873 వరుసలు, 4కెలో 1745. సాధారణ చూపు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు వరకు విడదీయగలదని అనుకుంటే, మీ 55 అంగుళాల తెర మీద బ్లూ-రే చుక్కలు ఏడు అడుగుల దూరం దాటగానే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పది అడుగుల దూరంలో కూర్చుని వివరం ఎక్కువైందా అని వెతకడం వృథా. 100 అంగుళాల తెర మీద ఆ హద్దు పదమూడు అడుగుల దాకా వెళ్తుంది. అంటే మీ ఇంటి టీవీ కోసమే అయితే వివరం పేరిట ఈ ఖర్చు అక్కర్లేదు, మీ బావగారి తెర కోసమైతే కొనవచ్చు.

అయితే వివరం ఒక్కటే కొలమానం కాదు. బ్లూ-రేలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు ఉంటాయి, 4కె డిస్కులో 1024. ఎడారి ఆకాశం నడినెత్తిన ముదురు నీలం నుంచి దిగంతం దగ్గర తెలుపుకు కరిగిపోయే చోట, మెట్లు తక్కువైతే చారలు ఏర్పడతాయి, ఇది టీవీలో కూడా కంటికి తెలుస్తుంది. బావి దగ్గర ఒమర్ షరీఫ్ ప్రవేశించే సన్నివేశాన్ని ఉదాహరణకు తీసుకోండి. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ చాలా పొడవైన ప్రత్యేక లెన్సుతో తీసిన ఆ షాట్‌లో, మొదట కదిలే వేడిగాలి తప్ప మరేమీ ఉండదు. తర్వాత అందులో ఒక నల్లని చుక్క, నేలకు తగలకుండా వణుకుతూ, రెండుగా చీలి మళ్లీ ఒకటవుతూ వస్తుంది. ఇలా ఫ్రేమంతా సన్నగా వణికే బొమ్మ వీడియో కుదింపుకు గట్టి పరీక్ష. బ్లూ-రేలో సంగీత భాగాలతో కలిపి 227 నిమిషాల సినిమా మొత్తం ఒకే డిస్కులో ఇరికించారు కనుక నా ప్రొజెక్టరు మీద ఆ వణుకు అక్కడక్కడ గడులు గడులుగా విరిగింది. 4కెలో సినిమాను రెండు డిస్కులకు పంచారు, ఆ చుక్క చివరిదాకా గాలిలోనే తేలుతుంది. నేను రెండోసారి డబ్బు పెట్టింది ఈ ఒక్క షాట్ కోసమే అన్నా తప్పు లేదు.

గాజువాక స్పీకర్లు

గొంతు సంగతి నేను చెబుతాను. మీ చెవి లోపం కాదు, డిస్కు లోపమూ కాదు.

ఈ సినిమా 1962 డిసెంబరులో లండన్‌లో విడుదలైనప్పుడు 222 నిమిషాలు. కొద్ది వారాలకే సుమారు ఇరవై నిమిషాలు కోసేశారు, 1971లో మళ్లీ విడుదల చేసినప్పుడు 187 నిమిషాలకు దించారు. ఎనభైలలో రాబర్ట్ హారిస్ కోసేసిన ముక్కలను వెదికి తీసినప్పుడు, వాటిలో కొన్నింటికి బొమ్మ దొరికింది గానీ మాటల శబ్దం దొరకలేదు. అప్పటికి జీవించి ఉన్న నటులైన పీటర్ ఓటూల్, అలెక్ గిన్నిస్, ఆంథొనీ క్విన్, ఆర్థర్ కెన్నెడీలు పాతికేళ్లకు పైగా గడిచాక తమ పాత్రలకు మళ్లీ గొంతు ఇచ్చారు. వయసుతో బరువెక్కిన ఆ గొంతులను యంత్ర సాయంతో పడుచు గొంతులకు దగ్గరగా తెచ్చారు. అలెన్‌బీగా నటించిన జాక్ హాకిన్స్ మాత్రం 1973లోనే మరణించాడు. ఆయన బదులు చార్లెస్ గ్రే మాట్లాడాడు. 1971 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో విలన్ బ్లోఫెల్డ్‌గా కనిపించే నటుడే ఈయన. అనుకరణ చాలా బాగుంటుంది, కనుక మీరు పట్టుకోవడం విశేషమే.

నా ఫిర్యాదు వేరు. 4కె డిస్కులో ఉన్న అట్మాస్ (నెత్తి మీది స్పీకర్లను కూడా వాడే) శబ్దం వినడానికి గొప్పగా ఉంది, మారిస్ జార్ సంగీతం గది నిండా పరుచుకుంటుంది. కానీ అసలు 70 ఎం.ఎం. ప్రింటులో ఉన్నది ఆరు ట్రాకులు, అందులో అయిదు తెర వెనుక స్పీకర్లకు, ఒకటి హాలులోకి. పెద్ద తెర మీద మనిషి ఎడమ నుంచి కుడికి నడిస్తే మాట కూడా అతని వెంట నడిచేది. మన ఇళ్లలో తెర వైపు మూడే స్పీకర్లు ఉంటాయి. నెత్తి మీది స్పీకర్లను 1962లో ఎవరూ ఊహించలేదు. బొమ్మ విషయంలో అసలుకు ఇంత కట్టుబడినవారు శబ్దం విషయంలో కాస్త చేయి జార్చారని నా అభిప్రాయం, అందుకే నేను నెత్తి మీది స్పీకర్లను కట్టేసే వింటాను.

ఇంకొక మాట. సినిమా మొదట్లో నాలుగు నిమిషాలకు పైగా తెర నల్లగా ఉండి సంగీతం మాత్రమే వస్తుంది. ప్రేక్షకులు కూర్చునేలోగా వినిపించే ఉపోద్ఘాతం అది. ఆ నల్ల తెర చూసి డిస్కు చెడిపోయిందని తిప్పి పంపినవారు మా వీధిలోనే ఉన్నారు.

ఎంవీపీ మేడగది

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఏడు అడుగులు, పదమూడు అడుగుల లెక్క బావగారికి చదివి వినిపిస్తే, అయితే సోఫాను ముందుకు జరుపుదాం అన్నారు. విదేశీ డిస్కు మన ప్లేయర్లలో ఆడుతుందా? ఈ సినిమాతో కలిపి అమ్మే ఆరు సినిమాల పెట్టె కొనడం మేలా, విడి డిస్కు మేలా?

సీతమ్మధార నెగెటివ్

4కె డిస్కులకు ప్రాంతాల కట్టడి లేదు, ఏ దేశంలో కొన్నా ఆడతాయి. ఆ ఇబ్బంది మామూలు బ్లూ-రేలకు ఉంది, అక్కడ మన దేశం సి ప్రాంతంలోకి వస్తుంది. కాకపోతే మామూలు బ్లూ-రే ప్లేయరులో 4కె డిస్కు ఆడదు. డిస్కు పెట్టే వీలున్న ప్లేస్టేషన్ 5 మీ పిల్లల దగ్గర ఉంటే అది చాలు. 2020లో వచ్చిన కొలంబియా క్లాసిక్స్ మొదటి పెట్టెలో ఈ సినిమాతో పాటు ‘గాంధీ’, ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ కూడా ఉన్నాయి. ఆ రెండూ కావాలనుకుంటే పెట్టె, లేకుంటే తరువాత విడిగా వచ్చిన డిస్కు. టీవీలో కదలికను నున్నగా చేసే అమరికను తప్పకుండా ఆపేయండి, అది ఉన్నంతసేపూ ఒంటెలు టీవీ సీరియల్‌లో నడిచినట్టే ఉంటాయి.

వాల్తేరు మాస్టారు

చర్చ ఎంతసేపూ చుక్కలు, మెట్లు, స్పీకర్ల చుట్టూ తిరుగుతున్నది. నేను ఈ సినిమాను చదువుకునే రోజుల్లో మద్రాసులో, కోతపడిన ప్రింటులో చూసినవాణ్ణి. ఎవరి వెనుక ఎవరు ఎందుకు వెళ్తున్నారో కొన్నిచోట్ల అర్థమయ్యేది కాదు, తప్పు నా ఇంగ్లీషుదే అనుకునేవాణ్ణి. కనుక నా దృష్టిలో ఈ సినిమాకు నిజమైన పునరుద్ధరణ 1989లోనే జరిగింది. 2012లోనూ 2020లోనూ జరిగినవి దానికి మెరుగులు.

ఒక విషయం ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. 1989లో తిరిగి కూర్చిన సినిమా 222 నిమిషాలు కాదు, సంగీత భాగాలు మినహాయిస్తే 216 నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. డేవిడ్ లీన్, ఎడిటర్ ఆన్ కోట్స్ స్వయంగా కూర్చుని, దొరికిన ముక్కలన్నీ అతికించాక, కొన్నిచోట్ల మళ్లీ కత్తెర వేశారు. అగ్గిపుల్లను ఊదగానే ఎడారిలో సూర్యోదయం తెరిచే ఆ ప్రసిద్ధమైన కోతను సాధించిన చేతులే ఇవి. అంటే మనం కొనే 4కె డిస్కులో ఉన్నది మొదటి రోజు లండన్ ప్రేక్షకులు చూసిన సినిమా కాదు, ఎనభై ఏళ్ల వయసులో దర్శకుడు ఇదే నా సినిమా అని ఒప్పుకున్న రూపం. రెండేళ్ల తర్వాత, 1991లో ఆయన వెళ్లిపోయాడు. సృష్టికర్త బతికి ఉండగానే ఈ పని జరగడం ఎంత అదృష్టమో మన సంగతి తలుచుకుంటే తెలుస్తుంది. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులు అద్ది, శబ్దాన్ని కొత్తగా కూర్చి విడుదల చేసినప్పుడు, అవునో కాదో చెప్పడానికి కె.వి.రెడ్డిగారు లేరు. మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలతో కట్టిన బొమ్మకు రంగులు అద్దడాన్ని పునరుద్ధరణ అనడానికి నా మనసు ఒప్పుకోదు. చూడటానికి ముచ్చటగా లేదని నేను అనడం లేదు, మా మనవరాలు ఆ రంగుల కాపీయే చూసింది.

4కె మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. ఎడారిలో రాత్రి సన్నివేశాలను చాలావరకు పగలే, వెలుతురు తగ్గించి తీశారు. పాత ప్రింటులో అది వెన్నెల రాత్రిగా నమ్మించేది. ఇప్పుడు వెలుగు పరిధి పెంచిన ఈ డిస్కులో, అందులోనూ తెర ప్రకాశం కాస్త ఎక్కువ పెట్టుకుంటే, ఒంటెల కింద ఎండనీడలు అంచు తేలి కనిపించి మోసం బయటపడుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టదలచుకుంటే గాసిమ్ పాత్రను చూపించండి. నెఫూద్ ఎడారిలో ఒంటె మీది నుంచి జారిపడి వెనకబడిపోయే ఆ మనిషి మన ఐ.ఎస్.జోహార్. హిందీ సినిమాల్లో ఆయన్ను చూసి నవ్విన తరానికి, సూర్యుడు నిప్పులు కురిపిస్తుంటే ఒక్కొక్క వస్తువునూ విప్పి పారేస్తూ కాలినడకన తడబడే ఆ నటన ఆశ్చర్యం కలిగిస్తుంది. బావి దగ్గర తుపాకి గుండుకు బలయ్యే మార్గదర్శి తఫాస్‌గా వేసినది పాకిస్తానీ నటుడు జియా మొహియుద్దీన్.

సీతమ్మధార నెగెటివ్

మాస్టారూ, 1989 గురించి మీ మాటను పూర్తిగా అంగీకరిస్తున్నాను. హారిస్ అప్పుడు నెగెటివ్‌ను సరిచేసి అతికించకపోతే 2012లో స్కాన్ చేయడానికి వరుసగా ఉన్న సినిమాయే ఉండేది కాదు. కానీ రాత్రి సన్నివేశాల విషయంలో దోషం డిస్కుది కాదని మనవి. ప్రొజెక్టరును సినిమా అమరికలో ఉంచి, గదిలో దీపాలన్నీ ఆపి చూస్తే ఆ నీలపు చీకటి అలాగే నిలుస్తుంది. దుకాణంలో గిరాకీని ఆకట్టుకోవడానికి పెట్టే మిరుమిట్ల అమరికలోనే వదిలేస్తే పగలు బయటపడుతుంది, పాత బ్లూ-రేలోనూ పడుతుంది. పగలే తీశారన్నది నెగెటివ్‌లో ఉన్న సత్యం, దాన్ని ఎంత చీకటి చేయాలన్నది రంగులు దిద్దేవాడి నిర్ణయం. ఈ విషయంలో వారు అతి చేయలేదనే నా నమ్మకం.

‘మాయాబజార్’ విషయంలో కూడా కోపం రంగుల మీద కాదు, అసలు నలుపు తెలుపు నెగెటివ్ నుంచి ఇంత శ్రద్ధగా స్కాన్ చేసిన డిస్కు ఒకటి మన చేతికి రాకపోవడం మీద ఉండాలి. రెండూ పక్కపక్కన దొరికితే రంగుల కాపీతో ఎవరికీ పేచీ ఉండదు.

గాజువాక స్పీకర్లు

రాత్రి సన్నివేశాల సంగతిలో నేను మాస్టారి పక్షమే, దీపాలన్నీ ఆపి చూసినా నాకు ఆ నీడలు కనిపించాయి. ఈ ఆదివారం మధురవాడలో ఎవరి మాట నిజమో తేల్చవచ్చు గనుక, ప్రశ్న అడిగినవారు ఇంకా ఆర్డరు పెట్టకపోతే నా డిస్కు తీసుకువెళ్లండి. రెండు షరతులు. సముద్రపు తేమకు మన ఊళ్లో అట్ట కవర్లు బూజు పడతాయి, డిస్కును దాని ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచి తిరిగివ్వాలి. మొదటి డిస్కు విరామం దగ్గర ఆగుతుంది, రెండోది విరామం తర్వాతి సంగీతంతో మొదలవుతుంది. ఆ సంగీతాన్ని దాటవేయకుండా, టీలు పోసుకోవడం ఆలోపే పూర్తి చేయించండి.

ఎంవీపీ మేడగది

రెండు షరతులూ సమ్మతమే. శనివారం సాయంత్రం గాజువాక వచ్చి తీసుకుంటాను. మాస్టారు కూడా ఆదివారం వస్తానంటే, నేనే వచ్చి వాల్తేరు నుంచి కారులో తీసుకువెళ్తాను. సినిమా నాలుగు గంటలకు కొద్దిగా తక్కువ కనుక మధ్యాహ్నం మూడింటికే మొదలుపెడదామని బావగారు చెప్పమన్నారు. కిటికీలకు దళసరి పరదాలు కట్టే పనిలో ఉన్నారు.